పాత పొగాకు గోడౌన్‌లో కాంతి గదులు: తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరులో ఏళ్ళ తరబడి తాళం వేసి ఉన్న ఒక పొగాకు గోడౌన్‌ని అద్దెకు తీసుకుని మేం ముగ్గురం నాలుగు కాంతి గదులు కట్టాం. మాలో ఒకతను ఎలక్ట్రీషియన్, ఇంకొకతను ఫాల్స్ సీలింగ్ పని చేస్తాడు, నేను డ్రాయింగ్ టీచర్ని. గోడలకు ఎన్ని కోటింగులు వేసినా పొగాకు వాసన పూర్తిగా పోలేదు. వచ్చిన పెద్దవాళ్ళు గుమ్మంలోనే పసిగట్టేస్తున్నారు. లోపలికి వెళ్ళే ముందు కొందరు, బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుని చాలామంది అడిగిన ప్రశ్నలు ఇవి. కొన్నిటికి జవాబు రెండు ముక్కల్లో అయిపోతుంది, కొన్నిటికి కాస్త ఓపిక కావాలి.

లోపల ఏముంటుంది? బొమ్మలా, వీడియోనా?

వెలుతురు తప్ప ఇంకేమీ ఉండదు. ఇంట్లో లైటు వేస్తే మనం లైటు వైపు చూడం. అది పడిన పుస్తకాన్నో, ఉప్పు డబ్బానో, ఎదుటి మనిషి ముఖాన్నో చూస్తాం. పసుపు గదిలో పెట్టిన ఒక్క పళ్ళెం తప్ప, ఈ గదుల్లో అలా చూడటానికి వస్తువంటూ లేదు. కన్ను వెతికి వెతికి చివరికి వెలుతురు దగ్గరే ఆగిపోతుంది. అసలు సంగతి అక్కడ మొదలవుతుంది. మనకు కనిపించేదాంట్లో బయట ఉన్నది ఎంత, మన కన్నూ మెదడూ కలిపి తయారుచేసుకున్నది ఎంత అన్నది మీకు మీరే పట్టుకుంటారు. మేం ఇన్ని తంటాలు పడింది దానికోసమే.

మొదటి గదికి మూలలు లేవు. నేల వంపు తిరిగి గోడలో కలుస్తుంది, గోడ వంపు తిరిగి పైకప్పులో కలుస్తుంది. లైట్లు ఎక్కడ పెట్టామో కనిపించదు. చెప్పులు విడిచి, మేమిచ్చే తెల్ల సాక్సు వేసుకుని అడుగు పెడితే గులాబీ రంగు మబ్బులో దిగినట్టుంటుంది. పావుగంటకోసారి ఆ రంగు మారుతుంది: గులాబీ, తర్వాత ఆకుపచ్చ, తర్వాత నీలం. రెండోది పసుపు గది. మూడో గదిలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం లైట్లు మూడూ ఒకే తెల్లగోడ మీద పడతాయి. నాలుగోది చీకటి గది. మొత్తం గంటన్నర పైనే పడుతుంది, అందులో అరగంట చీకటి గదికే పోతుంది. తొందరలో ఉంటే ఇంకోరోజు రండి. పది నిమిషాల్లో చుట్టేసి వెళ్ళినవాళ్ళకి ఖాళీ గదులు తప్ప ఏమీ కనిపించలేదు.

దసరాకి కొండ మీద వేసే లైటింగ్ కంటే ఇదేమన్నా గొప్పా?

రెండిటి పనీ వేరు. ఇంద్రకీలాద్రి దసరా దీపాలు బ్యారేజీ అవతలి నుంచి చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. 2024 అక్టోబరు 22న పున్నమి ఘాట్ దగ్గర 5,500 డ్రోన్లు ఆకాశంలో బొమ్మలు గీసినప్పుడు నేనూ ఆ జనంలో మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూస్తూ నిలబడ్డాను. అక్కడ వెలుతురు ఎదురుగా ఉంటుంది, మనం ఇవతల ఉంటాం. ఇక్కడ మీరు వెలుతురు మధ్యలో ఉంటారు. మెడ ఎటు తిప్పినా అదే.

పందిళ్ళకి లైటింగ్ కట్టేవాళ్ళకి మాత్రం ఈ విద్య ఎప్పటి నుంచో తెలుసు. రన్నింగ్ లైట్లలో ఏ బల్బూ కదలదు. ఒకటి ఆరగానే పక్కది వెలుగుతుంది, మనకేమో వెలుతురు పరిగెత్తినట్టు కనిపిస్తుంది. ఆ పరుగు వైర్లలో ఎక్కడా లేదు, మన చూపులో పుడుతుంది. మాక్స్ వెర్తైమర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1912లో ప్రచురించిన పేరుపొందిన పరిశోధన సరిగ్గా ఈ లేని కదలిక గురించే. పింఛం విప్పే నెమలిని లైటు బోర్డు మీద కట్టే కుర్రాడు ఆ సూత్రాన్ని చేత్తో నేర్చుకున్నాడు.

ఇలాంటివి మీకంటే ముందు ఎవరు చేశారు?

1960ల్లో అమెరికాలో, లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల కొందరు కళాకారులు కాన్వాసు పక్కన పెట్టి వెలుతురుతో పని మొదలుపెట్టారు. వాళ్ళలో ముందు చెప్పాల్సిన పేరు జేమ్స్ టరెల్. 1943లో పుట్టారు. కాలేజీలో ఆయన చదువుకున్నది మనిషి చూపూ వినికిడీ ఎలా పనిచేస్తాయో చెప్పే మనస్తత్వ శాస్త్రం. మా మొదటి గది ఆయన గదుల దారిలోనే కట్టాం. అరిజోనా ఎడారిలో చల్లారిపోయిన ఒక అగ్నిపర్వతాన్ని 1970ల్లో కొని, దాని కడుపులో ఆకాశాన్ని చూసే గదులు దశాబ్దాలుగా కట్టిస్తున్నారు.

వెనిజులా కళాకారుడు కార్లోస్ క్రూజ్-డియెజ్ ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుతురు నింపిన గదుల్లో మనుషుల్ని నడిపించారు. జపాన్ కళాకారిణి యాయోయి కుసామా 1965లో తన మొదటి అద్దాల గది పెట్టారు. 2003లో లండన్ టేట్ మోడర్న్ మ్యూజియం పెద్ద హాల్లో ఒలాఫుర్ ఎలియాసన్ ఒక సూర్యుణ్ణి నిలబెట్టారు. అర్ధచక్రంలో పసుపు లైట్లు పెట్టి, పైకప్పంతా అద్దం చేస్తే మిగతా సగం అద్దంలో కనిపించి నిండు సూర్యుడైంది. జనం కింద వెల్లకిలా పడుకుని పైన చీమల్లా కనిపించే తమ నీడల్ని చూసుకుంటూ గంటలు గడిపారట. 20 లక్షల మందికి పైగా చూశారు.

వీటిలో ఒక్కటీ నేను నేరుగా చూడలేదు. చదివి, ఫోటోలు చూసి, మా గోడౌన్‌లో కట్టి, పడగొట్టి, మళ్ళీ కట్టి నేర్చుకున్నాం.

గులాబీ గదిలో కాసేపటికి రంగంతా బూడిదలా అయిపోయింది. మధ్యలో లైటు తగ్గించారా?

లేదు. ఈ ప్రశ్న ప్రతి బ్యాచ్‌లోనూ వస్తుంది. అందుకే డిమ్మర్‌ని గుమ్మం పక్కన గాజు పెట్టెలో అందరికీ కనిపించేలా పెట్టాం. మారింది లైటు కాదండీ, మీ కన్ను.

కంటికి కావలసింది మార్పు. అంచు, నీడ, కదలిక, ఏదో ఒకటి ఉంటేనే అది మెదడుకి కబురు పంపుతుంది. ఒకే చోట చూస్తున్నాం అనుకున్నప్పుడు కూడా కనుగుడ్లు సన్నగా వణుకుతూనే ఉంటాయి. ఆ వణుకుడు వల్ల వస్తువు అంచులు కంటి వెనకున్న రెటీనా పొర మీద కొద్దికొద్దిగా జరుగుతూ, కబురు ఆగిపోకుండా ఉంటుంది. మా గదిలో కన్ను ఎంత వణికినా జరగడానికి అంచే లేదు. రెండు మూడు నిమిషాల్లో రంగు వెలవడం మొదలవుతుంది, ఆ తర్వాత బూడిద రంగు మిగులుతుంది. 1930లో వోల్ఫ్‌గాంగ్ మెట్జ్‌గర్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఇలా ఎటు చూసినా ఒకటే వెలుతురు ఉండేలా ఏర్పాటు చేసి మనుషులకి ఏం కనిపిస్తుందో రాసిపెట్టారు. దాన్ని గాంజ్‌ఫెల్డ్ అంటారు, చూపు మేర మొత్తం అని అర్థం. టరెల్ తన గదులకి ఆ పేరే పెట్టుకున్నారు.

కొత్త చొక్కా తొడుక్కున్న ఐదు నిమిషాలకి ఒంటి మీద అది ఉన్న సంగతే మర్చిపోతాం. మిర్చి యార్డులో అడుగు పెట్టగానే మనకు దగ్గు తెరలు తెరలుగా వస్తుంది, అక్కడే బస్తాలు మోసే మనిషి మామూలుగా మాట్లాడుతుంటాడు. కన్నూ అంతే, అలవాటు పడిపోతుంది. గోడ వైపు ముఖం పెట్టి కూర్చోమని మేం చెప్పేది ఇందుకే. ఎదురుగా మనిషి ఉంటే ఆ మనిషి అంచు పట్టుకుని కన్ను మేలుకునే ఉంటుంది. నమ్మకం కలగకపోతే రంగు వెలిసిపోయాక మీ చేతిని ముఖం ముందు ఒకసారి ఊపండి. చేతి చుట్టూ గులాబీ రంగు మళ్ళీ పుట్టుకొస్తుంది.

ఇదే గదిలో కొందరికి సన్నటి ఇసుక రాలుతున్నట్టు, వల అల్లినట్టు కనిపిస్తుంది. బయటి నుంచి కబురు తగ్గేసరికి మెదడు తన లోపలి రొదనే పెద్దది చేసి చూపిస్తుంది. దారపు పోగుల్లాంటివి తేలుతూ కనిపిస్తే అవి మీ కంటి లోపలి జిగురులో ఉన్నవే. తెల్లటి ఆకాశం చూసినప్పుడు కూడా కనిపిస్తాయి, కంగారు పడక్కర్లేదు. అయితే అలాంటివి ఒక్కసారిగా ఎక్కువైనా, పక్కల మెరుపులు మెరిసినట్టు ఉన్నా మాత్రం ఆ రోజే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

లోపల కళ్ళు తిరుగుతాయా? పడిపోతామా?

తూలినట్టు అనిపించవచ్చు. మనం నిలబడటానికి చెవి లోపలి భాగం, పాదాలు, కళ్ళు మూడూ కలిసి పనిచేస్తాయి. కళ్ళకి గోడ అంచో, కిటికీ గీతో దొరికితే దాన్ని పట్టుకుని శరీరం నిటారుగా ఉంటుంది. ఆ ఆసరా తీసేస్తే చాలామంది తెలియకుండానే ముందుకీ వెనక్కీ ఊగుతారు. డిసెంబరు తెల్లవారుజామున మంగళగిరి దగ్గర హైవే మీద పొగమంచులో బండి ఆపి దిగినవాళ్ళకి ఇది తెలిసే ఉంటుంది. రోడ్డెక్కడ ఆగిందో, ఆకాశం ఎక్కడ మొదలైందో అర్థం కాదు, కాళ్ళ కింద నేల కూడా మెత్తబడినట్టుంటుంది.

ఇందులో ప్రమాదం లేకపోలేదు. 1980లో న్యూయార్క్‌లో టరెల్ ప్రదర్శనలో ఒకావిడ వెలుతురుని గోడ అనుకుని ఆనుకోబోయి, పడి గాయపడ్డారు. వ్యవహారం కోర్టు దాకా వెళ్ళింది. మా దగ్గర కూడా మొదటి వారంలోనే ఒక కాలేజీ కుర్రాడు అలాగే లేని గోడకి భుజం ఆన్చబోయి మోచేయి గీరుకున్నాడు. తప్పు మాదే. గది చివర అడుగున్నర పల్లం వదిలి, దానికి అడ్డు పెట్టలేదు. ఆ రాత్రే పల్లం పూడ్చేశాం. ఇప్పుడు నేలంతా ఒకే మట్టం, చుట్టూ మెత్తటి ఫోమ్, ఎప్పుడూ ఒక మనిషి లోపలే ఉంటాడు. తూలుతున్నట్టు అనిపిస్తే కళ్ళు మూసుకోకండి, కింద కూర్చుని మీ అరచేతుల్ని చూసుకోండి. క్షణాల్లో సర్దుకుంటుంది.

పసుపు గదిలో పళ్ళెం నిండా మిరపకాయలు ఎందుకు పెట్టారు?

గుంటూరు కాబట్టి. ఇంకో ఊళ్ళో అయితే పూలు పెట్టేవాళ్ళం.

ఆ గదిలో లైట్లు పసుపు రంగు ఒక్కటే, అది కూడా దాదాపు ఒకే తరంగదైర్ఘ్యం, 590 నానోమీటర్ల దగ్గర ఇస్తాయి. ఎరుపు వస్తువు ఎర్రగా కనిపించాలంటే దాని మీద పడే వెలుతురులో ఎరుపు ఉండాలి. లేకపోతే అది తిరిగి పంపడానికి ఏమీ ఉండదు. అందుకే పళ్ళెంలో ఎండు మిర్చీ పచ్చి మిర్చీ పక్కపక్కనే ఉన్నా రెండూ ముదురు గోధుమ రంగులోనే కనిపిస్తాయి. మిర్చి కమీషన్ వ్యాపారం చేసే ఒకాయన, ముప్ఫై ఏళ్ళుగా కాయ రంగు చూసి ధర చెప్పే మనిషి, ఆ పళ్ళెం ముందు చాలాసేపు కూర్చున్నారు. ఒక్కో కాయనీ తొడిమ పట్టుకుని తిప్పి తిప్పి చూశారు. చివరికి రెండు వేళ్ళతో నొక్కి, గింజల చప్పుడు విని, ఎండిందేదో పచ్చిదేదో వేరు చేసి పెట్టారు. ఒక్కటీ తప్పు లేదు. రంగు తీసేస్తే ఆయన చేతులూ చెవులూ ముందుకొచ్చాయి. ఆ గది గురించి నేను చెప్పగలిగినదంతా ఆయన ఆ పళ్ళెంలో చేసి చూపించారు.

ఇంకో విషయం గమనించండి. ఆ వెలుతురులో పక్కవాళ్ళ ముఖం పాత బ్లాక్ అండ్ వైట్ ఫోటోలా ఉంటుంది. ముడతలు, మచ్చలు, జుట్టులో ఒక్కో పోగూ చాలా స్పష్టంగా కనిపిస్తాయి. రంగులు లేకపోతే కంటికి వెలుగు నీడల తేడా ఒక్కటే మిగులుతుంది, దృష్టంతా దాని మీదే పడుతుంది.

బయటికి రాగానే అంతా గులాబీ రంగులో కనిపించింది. కళ్ళకేమైనా అయ్యిందా?

ఏమీ కాలేదు. మీరు ఆకుపచ్చ వెలుతురులో నుంచి నేరుగా బయటికి వచ్చి ఉంటారు. ఆకుపచ్చని పట్టే కణాలు చాలాసేపు పనిచేసి మందగిస్తాయి. తెల్లటి వెలుతురులోకి రాగానే మిగతావి ముందుంటాయి కాబట్టి తెలుపు గులాబీ వైపు మొగ్గుతుంది. నీలం నుంచి వస్తే పసుపుగా ఉంటుంది. ఒకటి రెండు నిమిషాల్లో పోతుంది.

దీనికి మా గది కూడా అక్కర్లేదు. మార్చిలో యార్డుకి వెళ్ళి ఎండలో ఎర్రగా పోసిన మిర్చి రాశిని ఒక నిమిషం కదలకుండా చూసి, వెంటనే పక్కనున్న మనిషి తెల్ల పంచె వైపు చూడండి. పంచె మీద ఆకుపచ్చ నీలం కలిసిన లేత మచ్చ తేలుతుంది. ఆపరేషన్ థియేటర్‌లో బట్టలు ఆకుపచ్చగా ఉండటానికి ఒక కారణం ఇదే. ఎర్రటి రక్తాన్ని గంటలు చూసిన డాక్టర్ కన్ను తెల్ల బట్ట మీదికి తిరిగితే ఈ మచ్చలే అడ్డొస్తాయి.

చీకటి గదిలో నాకేమీ కనిపించలేదు. నిజంగా ఏమైనా ఉందా?

ఉంది. ఎంతసేపు కూర్చున్నారు?

లక్స్ అంటే వెలుతురు కొలత. మే నెల మధ్యాహ్నం బెజవాడ ఎండ దాదాపు లక్ష లక్స్ ఉంటుంది. పున్నమి వెన్నెల ఒక లక్స్‌లో మూడో వంతు కూడా ఉండదు. ఇంత తేడాని ఒకే కన్ను భరించి చూస్తుందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. కంటిపాప పెద్దదైతే వచ్చే లాభం మహా అయితే పదహారు రెట్లు. మిగతా పనంతా రెటీనాలో జరుగుతుంది. అక్కడ రంగులు చూసే శంకు కణాలు సుమారు 60 లక్షలు, మసక వెలుతురులో పనిచేసే దండ కణాలు సుమారు 12 కోట్లు. శంకు కణాలు చీకటికి పది నిమిషాల్లో సర్దుకుంటాయి. దండ కణాలకి అరగంట కావాలి. వాటిలో ఉండే రోడాప్సిన్ అనే పదార్థం ఎండకి విరిగిపోయి చీకట్లో నెమ్మదిగా మళ్ళీ కూడుకుంటుంది. దాని తయారీకి విటమిన్ ఎ కావాలి. అది తక్కువైతే వచ్చేదాన్నే మన పెద్దలు రేచీకటి అన్నారు.

మా చీకటి గదిలో ఎదురుగోడ మీద చాలా తక్కువ వెలుతురుతో ఒక ఆకారం ఉంది. అదేమిటో ఇక్కడ రాయను. ఏడెనిమిది నిమిషాల దాకా ఏమీ ఉండదు, లేనిది ఉన్నట్టు భ్రమ కలుగుతూ ఉంటుంది. పదిహేను దాటాక ఎడమ వైపు ఏదో మసగ్గా లేస్తుంది. అప్పుడు దాని వైపు సూటిగా చూస్తే మాయమైపోతుంది, ఎందుకంటే చూపు నడిబొడ్డున దండ కణాలు లేవు. కొంచెం పక్కకి చూడాలి. టరెల్ 1983లో పిట్స్‌బర్గ్‌లో పెట్టిన ఒక చీకటి గది కూడా ఇలాంటిదే, ఓపిగ్గా కూర్చున్నవాళ్ళకే కనిపిస్తుంది.

మాకంటే శతాబ్దాల ముందే ఈ అనుభవం మన దగ్గర ఉంది. ఎండలో మెట్లెక్కి ఉండవల్లి గుహల్లో శయన స్వామి ఉన్న అంతస్తుకి వెళ్ళండి. మొదట చల్లదనం తప్ప ఏదీ తెలియదు. ఒకే రాతిలో చెక్కిన అనంతపద్మనాభుడి పొడవు ముందు లీలగా తెలుస్తుంది, తర్వాత ముఖం, ఆ తర్వాత చుట్టూ ఉన్న చిన్న చిన్న బొమ్మలు ఒక్కొక్కటే గోడలో నుంచి బయటికొస్తాయి. చాలామంది ఫోన్ లైటు వేసేసి ఆ పది నిమిషాలూ పోగొట్టుకుంటున్నారు. దయచేసి వేయకండి.

ఫోన్ ఎందుకు తీసుకోనివ్వరు? ఒక్క ఫోటో తీసుకుంటే ఏమవుతుంది?

ఒక్కసారి స్క్రీన్ వెలిగితే, ఇరవై నిమిషాలుగా చీకటికి అలవాటు పడిన పక్కవాళ్ళ కళ్ళు మళ్ళీ మొదటికొస్తాయి. అది ఒక కారణం. ఫోన్ కెమెరా తెలుపుని దానంతట అది సరిచేసుకుంటుంది కాబట్టి మీరు చూసిన రంగు ఫోటోలో రాదు, అది రెండోది. మెట్ల మీదికి వచ్చాక ఎన్ని ఫోటోలైనా తీసుకోండి.

ఎవరు రాకూడదు?

ఫిట్స్ ఉన్నవాళ్ళు ముందు మాకు చెప్పండి. మా గదుల్లో ఏ లైటూ మినుకుమినుకుమనదు, రంగులు చాలా నెమ్మదిగా మారతాయి. ఫిట్స్ తెప్పించే ప్రమాదం ఎక్కువగా సెకనుకు 3 నుంచి 30 సార్లు కొట్టే వెలుతురుతో వస్తుంది. 1997 డిసెంబరులో జపాన్‌లో ఒక టీవీ కార్టూన్‌లో ఎరుపు నీలం వెలుగులు వేగంగా మార్చి చూపిస్తే వందల మంది పిల్లల్ని ఆసుపత్రులకు తీసుకెళ్ళాల్సి వచ్చింది. అయినా కరెంటు పోయి జనరేటర్ అందుకునే క్షణంలో లైట్లు ఎలా ప్రవర్తిస్తాయో ప్రతిసారీ మా చేతిలో ఉండదు. కాబట్టి మీ డాక్టర్‌ని అడిగాకే రండి.

మైగ్రేన్ ఉన్నవాళ్ళు నొప్పి లేని రోజు చూసుకుని రండి. కళ్ళు తిరిగే జబ్బు ఉంటే మొదటి గది వద్దు, మిగతా మూడూ చూడండి. మొదటి గదిలో శని, ఆదివారాలు పొగ మెషీన్ వేస్తాం. ఆస్తమా ఉన్నవాళ్ళు మామూలు రోజుల్లో రావడం మంచిది.

ఆ పొగ దేనికి?

వెలుతురు దారి కనిపించడానికి. గాలిలో దాన్ని పట్టుకునే రేణువులు ఉంటే తప్ప కాంతి కిరణం పక్క నుంచి కనిపించదు. పాత టూరింగ్ టాకీసులో కూర్చుని వెనక్కి తిరిగి చూసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది: బీడీ పొగలో ప్రొజెక్టర్ వెలుతురు గరాటాలా విచ్చుకుని తెర దాకా వెళ్ళేది. నేను సినిమా వదిలేసి దాన్నే చూసేవాణ్ణి. ఆంథొనీ మెక్‌కాల్ అనే కళాకారుడు 1973లో సరిగ్గా ఆ గరాటానే కళగా చేశారు. మొదట్లో దుమ్మూ సిగరెట్ పొగా సరిపోయేవి, తర్వాత శుభ్రమైన మ్యూజియం హాళ్ళలో చూపించడానికి పొగ మెషీన్లు పెట్టాల్సి వచ్చింది.

శుక్లాల ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు రావచ్చా?

డాక్టర్ పర్వాలేదన్నాక తప్పకుండా రావాలి. మాకు బాగా గుర్తుండిపోయిన మనిషి తెనాలి నుంచి వచ్చిన ఒక మామ్మగారు. కుడి కంటికి ఆపరేషన్ అయ్యింది, ఎడమ కంటికి ఇంకా కాలేదు. గది నీలం రంగులో ఉన్నప్పుడు మనవరాలి చేయి పట్టుకుని కూర్చున్నారు. కాసేపటికి ఒక కన్ను మూసి చూశారు, తర్వాత రెండోది మూసి చూశారు. మళ్ళీ మొదటిది. "ఏం నాయనా, ఈ కంటికొకటీ ఆ కంటికొకటీ పెట్టారా లైట్లు?" అని నన్నడిగారు.

వయసు పెరిగేకొద్దీ కంటి లోపలి కటకం పసుపు పచ్చబడుతుంది, నీలాన్ని లోపలికి రానివ్వదు. ఏళ్ళ మీద నెమ్మదిగా జరుగుతుంది కాబట్టి తెలియదు. ఆపరేషన్‌లో ఆ కటకం తీసి కొత్తది పెడితే నీలం ఒక్కసారి వచ్చి పడుతుంది. ఫ్రెంచి చిత్రకారుడు క్లాడ్ మోనే 1923లో ఆపరేషన్ చేయించుకున్నాక నీలం విపరీతంగా కనిపిస్తోందని బాధపడ్డారు. మామ్మగారికి మాత్రం సంతోషమే. ఎడమ కన్ను మూసుకుని, కుడి కంటితో ఆ రంగు ఉన్నంతసేపూ చూశారు. "నా పెళ్ళి నాటి చీర ఈ రంగే" అన్నారు. ఆవిడకి ఏ నీలం కనిపించిందో నాకు తెలిసే దారి లేదు. అప్పటి నుంచి ఆ గదిలో ఎవరు కూర్చున్నా వాళ్ళ ముఖాలే చూస్తున్నాను.

పిల్లలకి ఏ గది నచ్చుతుంది?

మూడోది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ కలిసి గోడ మీద తెల్లగా ఉంటాయి. పిల్లాడు చెయ్యి అడ్డం పెట్టగానే మూడు నీడలు పడతాయి, ఒక్కటీ నల్లగా ఉండదు. ఎరుపుని అడ్డుకున్నచోట ఆకుపచ్చ నీలం కలిసిన రంగు, ఆకుపచ్చని అడ్డుకున్నచోట ముదురు గులాబీ, నీలాన్ని అడ్డుకున్నచోట పసుపు. బెజవాడలో ప్రెస్సు నడిపే ఒకాయన చూడగానే "ఇవి మా ఇంకు డబ్బాలే" అన్నారు. నిజమే, ఆఫ్‌సెట్ ప్రింటింగ్‌లో వాడే సియాన్, మెజెంటా, ఎల్లో అవే. అయిదేళ్ళ లోపు పిల్లల్ని చీకటి గదికి తీసుకురావద్దు, అరగంట కూర్చోలేరు.

నీలం వెలుతురు చూస్తే రాత్రి నిద్ర పట్టదంటారు, నిజమేనా?

సాయంత్రం పూట ఎక్కువసేపు చూస్తే ఆలస్యం కావచ్చు. రెటీనాలో బొమ్మలు చూడటానికి కాకుండా, పగలో రాత్రో ఒంటికి చెప్పడానికి పనిచేసే కణాలు కొన్ని ఉన్నాయి. 480 నానోమీటర్ల దగ్గరి నీలం వాటిని బాగా మేల్కొలుపుతుంది. అందుకే మేం రాత్రి ఏడు తర్వాత నీలం వేయం.

ఇది ధ్యానం లాంటిదా? మనసుకి శాంతి దొరుకుతుందా?

కొందరు చాలా తేలికపడి వస్తారు. ఒకరిద్దరికి టెన్షన్ వచ్చి మధ్యలో లేచి వచ్చేశారు. అదీ మామూలే, ఎప్పుడైనా బయటికి రావచ్చు. జబ్బు నయం చేస్తుందని మేం చెప్పం, అలా చెప్పేవాళ్ళని నమ్మవద్దని కూడా అంటాం. నా వరకు ఇందులో ఉన్న విలువ వేరు. ఎదురుగా ఉన్నది ఉన్నట్టే చూస్తున్నానని రోజంతా అనుకుంటూ తిరుగుతాం. ఒక గంట సేపు, చూడటం కూడా మన ఒంట్లో జరిగే ఒక పని అని తెలుస్తుంది. ఆ తర్వాత పక్క మనిషి "నాకు అలా కనిపించలేదు" అంటే వెంటనే కాదనబుద్ధి కాదు.

ఇలాంటిది ఇంట్లో చేసుకోవచ్చా?

చిన్నగా చేసుకోవచ్చు. తెల్ల పింగ్‌పాంగ్ బంతిని సగానికి కోసి, అంచులకి దూది అంటించి, రెండు కళ్ళ మీద పెట్టుకుని, కాస్త దూరంలో ఎర్ర బల్బు వేసి పడుకోండి. పదిహేను నిమిషాలు చాలు, రంగు వెలవడం మీకే తెలుస్తుంది. గదే కట్టాలనుకుంటే మా తప్పుల నుంచి మూడు మాటలు చెబుతాను. మెరిసే పెయింటు వద్దు. మేం మొదట అదే వేశాం, ప్రతి లైటూ గోడలో అద్దంలా కనిపించి గది ఎంత ఉందో చెప్పేసింది. పుట్టీ పట్టించి రుద్ది మ్యాట్ ఎమల్షన్ వేశాకే గోడ మాయమైంది. రెండు, వంపులో జిప్సం బోర్డుల అతుకు వెంట్రుక వాసి కనిపించినా కన్ను దాన్నే పట్టుకుంటుంది. మూడు, చవక ఎల్‌ఈడీ డ్రైవర్లు, అంటే లైటుకి కరెంటు అందించే పెట్టెలు, డిమ్ చేసినప్పుడు కంటికి తెలియకుండా కొట్టుకుంటాయి, తలనొప్పి వస్తుంది. ఫోన్ కెమెరాని స్లో మోషన్‌లో పెట్టి చూస్తే నల్ల చారలు కదులుతూ దొరికిపోతాయి. అలాంటివి వెనక్కిచ్చేయండి.

గుంటూరు దాకా రాలేను. ఖర్చు లేకుండా చూడగలిగేది ఏమైనా ఉందా?

పెరట్లోనో, మేడ మీద కుండీలోనో ఎర్ర మందారం ఉందా? సాయంత్రం ఇంకా వెలుతురు బాగా ఉండగానే దాని ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చోండి. అప్పుడు పువ్వు ఆకుల కంటే వెలుగ్గా, నిప్పులా ఉంటుంది. పొద్దుగూకేకొద్దీ శంకు కణాల పని తగ్గి దండ కణాల పని పెరుగుతుంది. దండ కణాలకి ఎరుపు దాదాపు కనిపించదు. చెక్ శాస్త్రవేత్త యాన్ పుర్కిన్యే 1825లో ప్రచురించిన గమనిక ఇదే, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. సందె చీకట్లు ముసిరే వేళకి పువ్వు నల్లబడిపోతుంది, ఆకులు మాత్రం బూడిద రంగులో ఇంకా కనిపిస్తూనే ఉంటాయి. ఎప్పుడు తారుమారైందో ఎంత కాపు కాసినా పట్టుకోవడం కష్టం. ముప్పావు గంట పడుతుంది. ఇంట్లోవాళ్ళకి ముందే చెప్పండి, ఆ ముప్పావు గంటా మేడ మీద లైటు వేయొద్దని.